టైమింగ్ చైన్ కిట్ల రివ్యూ: పెట్టెలో ఉండాల్సినవి, తరచూ ఉండనివి

టైమింగ్ చైన్ అంటే పిస్టన్లు తిప్పే క్రాంక్ ఇరుసును, వాల్వులు తెరిచే క్యామ్ ఇరుసుతో కలిపి తిప్పే గొలుసు. వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేది దీనివల్లే. ఆ గొలుసు మార్చడానికి కావాల్సిన భాగాల పెట్టే కిట్. ముందే తీర్పు చెప్పేస్తాం. గొలుసులు సొంతంగా తయారుచేసే కంపెనీ కిట్ తీసుకోండి. అందులో టెన్షనర్ (గొలుసును బిగువుగా ఉంచే భాగం) తాజా డిజైన్‌దేనా చూసుకోండి. క్రాంక్ బోల్టు, సీళ్లు పెట్టెలో లేకపోతే విడిగా కారు కంపెనీవే తెప్పించుకోండి. పేరూ ఊరూ లేని చవక కిట్ జోలికి పోవద్దు. కారు కంపెనీ కిట్‌లో వంకపెట్టడానికేమీ లేదు, ఖరీదు తప్ప. ఐవిస్, సుబాకి, బోర్గ్‌వార్నర్ లాంటి సంస్థలు కార్ల కంపెనీలకూ గొలుసులు సరఫరా చేసేవే, కాబట్టి వాటి సొంత కిట్ దొరికితే సంకోచించక్కర్లేదు.

చైన్ కిట్‌లో అసలు పరీక్ష టెన్షనర్‌కే. ఇంజిన్ ఆయిల్ ప్రెషర్‌తో దాని చిన్న పిస్టన్ బయటికొచ్చి గైడ్‌ను (గొలుసు రాసుకుంటూ పోయే ప్లాస్టిక్ పట్టీ) నొక్కుతుంది, లోపలి చిన్న బాల్ వాల్వ్ ఆ ఆయిల్‌ను వెనక్కి పోనివ్వదు. బండి రాత్రంతా ఆగి ఉంటే ఆయిల్ కొంత దిగిపోతుంది. అప్పుడు పిస్టన్ మరీ లోపలికి జారకుండా ఆపేది రాచెట్ పళ్లు, అంటే ఒకే వైపు కదలనిచ్చే పళ్లు. నాసిరకం టెన్షనర్లు దెబ్బతినేది ఈ రెండు చోట్లే. బాల్ సరిగ్గా కూర్చోకపోతే కొత్త కిట్ వేసిన బండి కూడా పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమంటుంది. రాచెట్ పట్టు వదిలితే అంతకంటే ప్రమాదం. గేర్‌లో ఆపిన బండి వెనక్కి ఒరిగి ఇంజిన్ కొద్దిగా ఎదురు తిరిగినా చాలు, గొలుసు వదులై పన్ను దాటుతుంది. ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లలో వచ్చిన ఈఏ888 ఇంజిన్ తొలి తరాల్లో బయటపడిన లోపం ఈ కోవదే. తర్వాత టెన్షనర్ డిజైన్ మార్చారు. అలాంటి ఇంజిన్‌కు కిట్ కొనేటప్పుడు పార్ట్ నంబర్ చివరి అక్షరం కూడా సరిపోల్చాలి. మార్పు చేసిన భాగాన్ని పట్టిచ్చేది ఆ అక్షరమే. పాత డిజైన్‌కు నకలు పెట్టిన కిట్ ఎంత తక్కువకిచ్చినా దండగే.

రాచెట్ ఉన్న టెన్షనర్ చేతికొచ్చాక ఇంజిన్‌లో పెట్టకముందే చూడొచ్చు. లాకింగ్ పిన్ తీస్తే పిస్టన్ ఎక్కడా పట్టేయకుండా చివరిదాకా రావాలి. రాచెట్ ప్రతి పన్నుకూ టక్కుమని పట్టాలి, వేలితో నొక్కితే వెనక్కి రాకూడదు. చూశాక రాచెట్ విడిపించి, పిస్టన్ లోపలికి నెట్టి, పిన్ తిరిగి పెట్టేయాలి. ఈ పరీక్షలో తేలిపోయే కిట్‌ను అక్కడే వెనక్కి పంపేయండి.

ఇక గొలుసు సంగతి. పొడవు పెరిగేది ప్లేట్లు సాగి కాదు, పిన్నులూ బుష్షులూ అరిగి. 8 మి.మీ. పిచ్‌తో (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) 120 లింకుల గొలుసు అనుకుందాం, మొత్తం 960 మి.మీ. ఒక్కో కీలు దగ్గర 0.04 మి.మీ. అరిగితే మొత్తం 4.8 మి.మీ. పెరుగుతుంది, అంటే అర శాతం. టెన్షనర్ ఆ వదులును లాగిపెడుతుంది కానీ టైమింగ్ జారడాన్ని ఆపలేదు. క్రాంక్ నుంచి క్యామ్ దాకా బిగువుగా ఉండే వైపు 50 లింకులుంటే అక్కడే 2 మి.మీ. తేడా వస్తుంది. క్రాంక్ స్ప్రాకెట్‌కు (గొలుసు పట్టే పళ్ల చక్రం) 23 పళ్లుంటే ఒక్క పన్ను విలువ 15.65 డిగ్రీలు. ఆ లెక్కన 2 మి.మీ. అంటే క్రాంక్ డిగ్రీల్లో దాదాపు 4, క్యామ్ అంత ఆలస్యంగా తిరుగుతున్నట్టు. ఈ జారుడు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) హద్దు దాటినప్పుడే పి0016, పి0017 లాంటి లోపం కోడ్‌లు పడతాయి.

మంచి గొలుసుకూ మామూలు గొలుసుకూ తేడా కంటికి కనపడదు, అదే చిక్కు. పిన్నుల మీద గట్టి కార్బైడ్ పూత, ఫ్యాక్టరీలోనే భారం వేసి తొలి సాగుదల తీసేయడం, ఖర్చంతా వీటికే. కొత్త చవక గొలుసు కూడా మొదటి రోజు కొలతకు సరిగ్గానే ఉంటుంది. మనం చూడగలిగేవి కొన్నే: ప్లేట్ల మీద తయారీదారు ముద్ర, పాతదానితో సమానంగా లింకుల సంఖ్య, టైమింగ్ కలపడానికి గుర్తుగా ఉండే రంగు లింకులు సరైన దూరాల్లో ఉండటం. పాత గొలుసును, కొత్తదాన్ని పక్కపక్కన వేలాడదీస్తే ఎంత అరిగిందో తేలుతుంది. పాతదాన్ని అడ్డంగా పట్టుకుంటే పక్కకు విల్లులా వంగడం కూడా అరుగుదల గుర్తే.

స్ప్రాకెట్లు లేని కిట్‌ను సగం కిట్ అనాలి. అరిగిన పళ్ల మీద కొత్త గొలుసు వేస్తే ఏమవుతుందో సైకిల్ చైన్ మార్చినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పైగా రోలర్ గొలుసు స్ప్రాకెట్ వేరు, పళ్ల గొలుసు స్ప్రాకెట్ వేరు. క్యామ్ వైపు వీవీటీ ఫేజర్ (వాల్వులు తెరిచే సమయాన్ని ముందుకూ వెనక్కూ మార్చే భాగం) స్ప్రాకెట్‌తో కలిసే ఉంటుంది కాబట్టి చాలా కిట్లలో అది రాదు. ఖరీదైన భాగం అదే. ఫేజర్ లోపలి లాక్ పిన్ అరిగితే స్టార్టింగ్‌లో మోగేది ఫేజరే. అప్పుడు గొలుసు మార్చినా ఆ చప్పుడు అలాగే ఉంటుంది.

గైడ్‌ల విషయంలో చవక కిట్లకు మా నుంచి మార్కులు సున్నా. వేడి ఆయిల్‌లో ఏళ్ల తరబడి ఉండాల్సిన ప్లాస్టిక్ అది. నాణ్యత లేకపోతే పెళుసెక్కి విరుగుతుంది, ముక్కలు సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) పడి, ఆయిల్ పీల్చే పికప్ గొట్టం జాలిని మూసేస్తాయి. అప్పుడు పోయేది గొలుసు ఒక్కటే కాదు, బేరింగులు కూడా. అందుకే పాత గైడ్ విరిగి ఉంటే సంపు దించి జాలి శుభ్రం చేయకుండా పని ముగించే మెకానిక్‌ను నమ్మొద్దు. విరిగిన ముక్కలన్నీ బల్ల మీద పేర్చి గైడ్ ఆకారం పూర్తయిందో లేదో చూడమనండి.

‘ఫుల్ కిట్’ అని రాసిన పెట్టెల్లో తరచూ లేనివి ఇవే: క్రాంక్ పుల్లీ బోల్టు, క్యామ్ స్ప్రాకెట్ బోల్టులు, ముందు క్రాంక్ సీలు, టెన్షనర్ వాషర్. ఈ బోల్టులు చాలా ఇంజిన్లలో టార్క్ ఇచ్చి, ఆపై డిగ్రీల్లో తిప్పి బిగించే రకం. ఒకసారి సాగాక మళ్లీ వాడకూడదు. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ స్ప్రాకెట్‌కు కీ (ఇరుసు మీద జారకుండా పట్టే చిన్న లోహపు ముక్క) కూడా ఉండదు, కేవలం బోల్టు బిగువు మీదే నిలబడుతుంది. అక్కడ పాత బోల్టు వాడినా, లాకింగ్ టూల్స్ (ఇరుసులు కదలకుండా పట్టే పనిముట్లు) లేకుండా అంచనాతో బిగించినా టైమింగ్ జారి వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. బోల్టు దగ్గర మిగుల్చుకున్న డబ్బు హెడ్ దించే ఖర్చులో చిల్లరకు కూడా రాదు.

కిట్ ఆర్డర్ చేసే ముందు చప్పుడు నిజంగా గొలుసుదేనా చూడాలి. ఆయిల్ లెవెల్ తక్కువైనా, ఆయిల్ ఫిల్టర్‌లో యాంటీ డ్రెయిన్‌బ్యాక్ వాల్వ్ (ఇంజిన్ ఆగాక ఆయిల్ కిందికి దిగిపోకుండా ఆపేది) పనిచేయకపోయినా చల్లగా స్టార్ట్ చేసినప్పుడు అచ్చం ఇలాగే మోగుతుంది. మంచి ఫిల్టర్, సరైన గ్రేడ్ ఆయిల్ వేసి చూడటం చవకైన పరీక్ష. అప్పటికీ పోకపోతే స్కాన్ టూల్‌తో క్యామ్-క్రాంక్ తేడా విలువ చదవాలి. కొన్ని ఇంజిన్లలో కవర్‌కు చిన్న తనిఖీ రంధ్రం ఉంటుంది, అందులోంచి టెన్షనర్ పిస్టన్ ఎంత బయటికొచ్చిందో గీతలు లెక్కపెట్టొచ్చు. వేడెక్కాక కూడా ఆగకుండా మోగుతుంటే ఇక నడపొద్దు, లాగించుకుపోవడమే మేలు.

బిగింపులో ఎక్కువ కిట్లు పాడయ్యేది తొందరతో. రంగు లింకులు స్ప్రాకెట్ గుర్తులకు కలిపి, బోల్టులు బిగించి, టెన్షనర్ పిన్ తీశాక క్రాంక్‌ను చేత్తో, ఇంజిన్ తిరిగే వైపే, రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకుండా ఆపాలి. రెండు చుట్ల తర్వాత స్ప్రాకెట్ గుర్తులు, లాకింగ్ టూల్స్ కలవాలి. రంగు లింకులు మాత్రం కలవవు. అవి తిరిగి అదే చోటికి రావడానికి చాలా చుట్లు పడుతుంది, కంగారు పడి విప్పొద్దు. కవర్ మూసేటప్పుడు సీలెంట్ పల్చటి గీతగా వేస్తే చాలు, మందంగా పూస్తే లోపలికి ఊడిపడి అదే జాలికి చేరుతుంది. డబ్బా మీద రాసినంత సేపు ఆరాకే ఆయిల్ పోయాలి. చివర్లో ఈసీయూలో పాత అడాప్టేషన్ విలువలు (పాత గొలుసుకు అలవాటుపడి దాచుకున్న లెక్కలు) చెరిపి కొత్తగా నేర్పించాలి, లేకపోతే మంచి గొలుసుకే పాత కోడ్ మళ్లీ పడొచ్చు.

గొలుసు ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉండే ఇంజిన్లకైతే రేటింగ్ మాట అటుంచి, చవక కిట్ ఊసే ఎత్తకూడదు. బీఎమ్‌డబ్ల్యూ ఎన్47 డీజిల్ అలాంటిదే. గొలుసు దాకా చేరాలంటే గేర్‌బాక్స్ గానీ ఇంజిన్ గానీ దించాల్సిందే. కూలీ ముందు కిట్ల మధ్య ధర తేడా ఏపాటి?

కిట్ ఎంత మంచిదైనా ఆయిల్ చెడ్డదైతే మళ్లీ ఇదే కథ. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్లలో మసి ఆయిల్‌లో కలిసి పిన్నులను ఉప్పుకాగితంలా రుద్దుతుంది. దగ్గరి దూరాలే తిరిగే బండిలో పెట్రోల్ కూడా కలిసి ఆయిల్ పల్చబడుతుంది. 2020 మేలో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ, జీఎఫ్-6 అనే ఇంజిన్ ఆయిల్ నాణ్యతా ప్రమాణాల్లో టైమింగ్ చైన్ అరుగుదలకు ప్రత్యేకంగా పరీక్ష పెట్టారు. ఫోర్డ్ 2 లీటర్ల టర్బో ఇంజిన్ మీద చేసే ఆ పరీక్షలో గొలుసు 0.085 శాతం మించి పెరగకూడదు. మీ కారు పుస్తకం వేరే ప్రమాణం అడగకపోతే డబ్బా మీద ఎస్‌పీ ఉందో లేదో చూడండి, గ్రేడ్ మాత్రం పుస్తకం చెప్పిందే. కొత్త కిట్ వేశాక మొదటి ఆయిల్ 1,500 కిలోమీటర్లకే మార్చి, ఫిల్టర్‌ను కోసి మడతలు విప్పి చూడాలి. ప్లాస్టిక్ ముక్కలు గానీ మెరిసే పొడి గానీ కనిపిస్తే సంపు మళ్లీ దించాలి. ఏమీ లేకపోతే ఆపైన 20,000, 30,000 కిలోమీటర్ల లాంగ్ డ్రెయిన్ లెక్కలు మరిచిపోయి 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే దానికి, ఆయిల్ మార్చండి.