డిస్కులోకి లాగిన్ అయ్యాను: ఆరు నెలల వాడకం

డిస్కులోకి ఎస్‌ఎస్‌హెచ్ కొట్టడం, అంటే ఇంకో కంప్యూటర్‌లోకి వెళ్లినట్టు లాగిన్ అవడం, నా సర్వీసులో ఇదే మొదటిసారి. లోపల నాలుగు ఆర్మ్ ప్రాసెసర్ కోర్లు, వాటి మీద ఓ చిన్న లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. పక్క సీటు కుర్రాణ్ణి పిలిచి మరీ చూపించాను.

డేటా దాచడమే కాక లోపలే ప్రోగ్రామ్‌లు కూడా నడిపే ఇలాంటి ‘కంప్యుటేషనల్ స్టోరేజ్’ డ్రైవ్‌లు 12, ఆరు నెలలుగా మా సర్వర్‌లో ఉన్నాయి. కంపెనీ పేరు చెప్పను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా పని మామూలుదే. పాత లాగ్‌లన్నీ (సర్వర్‌లో జరిగినవి నమోదయ్యే ఫైళ్లు) జీజిప్‌తో కుదించి ఉంటాయి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఒక్క రిక్వెస్ట్ ఐడీ కోసం అవన్నీ విప్పి వెతకాలి. డేటా మొత్తం సీపీయూ దాకా వస్తుంది, నాలుగు లైన్లు తేలతాయి, మిగతాదంతా వృథా. కొండను తవ్వి ఎలుకను పట్టడమే. ఆ తవ్వకమేదో డ్రైవ్‌లోనే జరిగిపోతే బయటికి నాలుగు లైన్లే వస్తాయి. ఆలోచన కొత్తదేం కాదు, ‘యాక్టివ్ డిస్కులు’ అంటూ 1998లోనే పరిశోధన పత్రాలు వచ్చాయి.

ముందు ఒక్క డ్రైవ్‌తో చూశాను. సర్వర్‌లోని 8 కోర్లు ఐదు నిమిషాల్లో ముగించిన పనికి ఇది 35 నిమిషాలు తీసుకుంది. డబ్బు దండగ అనుకున్నాను. తర్వాత 12 డ్రైవ్‌లనూ ఒకేసారి వెతకమన్నాను. సర్వర్‌కి గంట పట్టింది, వీటికి అవే 35 నిమిషాలు. దేని వాటా అది చూసుకుంటుంది మరి. పైగా వెతుకుతున్నంతసేపూ సీపీయూ ఖాళీ. ఇదివరకు ఆ గంటలో ‘డేటాబేస్ స్లోగా ఉంది’ అని ఫోన్లు వచ్చేవి, ఇప్పుడు లేవు. నిజానికి నాకు ఇదే ముఖ్యం.

ఇక తలనొప్పులు. ఓ రోజు మధ్యాహ్నం వెతికితే ఫలితాలు సున్నా. సర్వర్‌లో చూస్తే ఫైలు కళ్ల ముందే ఉంది, డ్రైవ్ మాత్రం అలాంటి ఫైలే లేదంటోంది. గంటసేపు టెన్షన్. డ్రైవ్‌లోని లినక్స్ పొద్దున మౌంట్ చేసుకున్నప్పటి, అంటే డిస్కును వాడకానికి తెరిచినప్పటి, ఫైళ్ల జాబితానే తన క్యాష్ మెమరీలో పెట్టుకుని కూర్చుంది, సర్వర్ ఆ తర్వాత రాసింది దానికి తెలియదు. ఒకే ఫైల్ సిస్టమ్‌ని ఇద్దరు పట్టుకుంటే ఇంతే. ఇద్దరు ఒకేసారి వాడుకోవడానికే చేసిన ఓసీఎఫ్‌ఎస్2 లాంటి క్లస్టర్ ఫైల్ సిస్టమ్ పెట్టుకోవాలన్న ముక్క మాన్యువల్‌లో ఎక్కడా లేదు. సపోర్ట్ వాళ్లు రెండు రోజులకు ‘రీమౌంట్ చేయండి’ అని ఒక్క లైను రాశారు. అప్పట్నుంచీ ప్రతి వెతుకులాటకీ ముందు సర్వర్‌లో సింక్ (మెమరీలో మిగిలింది డిస్కుకు రాయించడం), డ్రైవ్‌లో అన్‌మౌంట్, మళ్లీ మౌంట్. స్క్రిప్ట్ రాసి పెట్టాను.

డేటాను చాలా డ్రైవ్‌లకు పంచి పెట్టే రెయిడ్ కూడా తీసేయాల్సి వచ్చింది. ఫైలు ముక్కలై తలో డ్రైవ్‌లో పడితే ఏ డ్రైవ్‌కీ పూర్తి ఫైలు కనిపించదు, జీజిప్‌ని మధ్యలోంచి విప్పడం కుదరదు. ఒక్కో ఫైలు మొత్తం ఒకే డ్రైవ్‌లో ఉండేలా, రెండో కాపీ ఇంకో డ్రైవ్‌లో ఉండేలా సర్దడానికి రెండు వారాంతాలు పోయాయి. సర్వర్ వైపు ఎన్‌క్రిప్షన్ వాడేవాళ్లయితే అసలు ఆశ పెట్టుకోకండి, డ్రైవ్‌కి కనిపించేది గజిబిజి బైట్లే. వేడి కాస్త ఎక్కువే, ఫ్యాన్లు పెంచాను.

ఐదుకి మూడు ఇస్తాను. పోయిన రెండింటిలో ఒకటి పైన చెప్పిన తలనొప్పులకి, ఇంకొకటి ఈ కంపెనీ సొంత టూల్స్‌కి: వేరే వాళ్ల డ్రైవ్‌కి మారితే నా స్క్రిప్టులన్నీ మళ్లీ రాయాలి. డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌లు నడిపే కమాండ్లు, ఎస్‌ఎస్‌డీలు సర్వర్‌తో మాట్లాడే ఎన్‌వీఎంఈ ప్రమాణంలోకి 2024లో వచ్చాయి. వచ్చే దఫా అవి పనిచేసే మోడల్ దొరికితే తీసుకుంటాను, లేదంటే మామూలు డ్రైవ్‌లూ, ఇంకో ఎనిమిది కోర్లూ అడుగుతాను.