కమబోకో, చికువ, సత్సుమా-అగె: ఏది మేలు?

"అక్కా, ఈ గులాబీ రంగు దిమ్మ, చిల్లున్న గొట్టం, వేయించిన బిళ్ళ... అన్నీ చేపేనా? ఏది కొనమంటావు?" టోక్యోకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు సూపర్ మార్కెట్ నుంచి ఫోటో పెట్టి మరీ అడుగుతారు. అన్నీ చేపే. తెల్ల చేప కండని ఉప్పు వేసి రుబ్బి, చెక్క మీద పేర్చి ఆవిరికి పెడితే కమబోకో. పుల్లకి చుట్టి కాలిస్తే చికువ. నూనెలో వేయిస్తే సత్సుమా-అగె.

ధర కన్నా ముందు నేను చూసేది పంటి కింద ఆ బిగువు. జపాన్‌లో దాన్ని ‘అషి’ అంటారు, అంటే కాలు. ఉప్పు తగలగానే చేపలోని ప్రోటీన్ కరిగి జిగురవుతుంది, వేడికి అది వలలా అల్లుకుని నీటిని పట్టి ఉంచుతుంది. ఉప్పు లేకుండా రుబ్బితే ఉడికాక పొడిపొడిగా రాలిపోతుంది. మూడు మిల్లీమీటర్ల మందాన ముక్క కోసి, సగానికి మడిచి, మళ్ళీ మడవండి. అలా నాలుగు పొరలైనా పగలకపోతే మంచి సరుకు. తయారీదారులు కూడా ఇలాగే పరీక్షిస్తారు.

ఈ బిగువులో టోక్యో దగ్గరి ఒదవర ఊరి కమబోకోకి సాటి లేదు. చల్లగానే వేలి మందాన కోసి, వసాబి (ఘాటైన పచ్చ ముద్ద), సోయా సాస్‌తో తినాలి. మొదటి ఏడాది నేను దాన్ని చేపల పులుసులో వేసి అరగంట మరిగించాను. బిగువంతా పోయి రబ్బరు ముక్కలా మిగిలింది, చాలా బాధేసింది.

పులుసుకైతే సత్సుమా-అగె. దక్షిణ జపాన్‌లోని కగోషిమా వంటకం, కాస్త తియ్యగా ఉంటుంది కాబట్టి చింతపండు పులుపుతో బాగా కలుస్తుంది. ముందు దాని మీద వేడినీళ్ళు పోసి పైనూనె వదిలించండి. ఓదెన్‌లో (చేప దిమ్మలు, ముల్లంగి వేసి ఉడికించే జపాన్ వంటకం) కూడా దీని రుచి రసంలోకి దిగుతుంది.

చికువ చవక. చిల్లులో కీర ముక్క దూర్చి పిల్లల డబ్బాలో పెట్టొచ్చు, అంతకుమించి నాకు పెద్ద ఇష్టం లేదు. హన్పెన్ అనే ఇంకో చేప దిమ్మ దూదిలా మెత్తన. పీత కర్రలు సలాడ్‌కి సరే, పేరుకే పీత.

గుడ్డు పడనివాళ్ళు లేబుల్ తప్పకుండా చదవండి, చాలావాటిలో తెల్లసొన ఉంటుంది.

ఒక్కటే కొనాలంటే నా ఓటు కమబోకోకే. డిసెంబరు చివర్లో మాత్రం కొత్త సంవత్సరం పళ్ళెం కోసం ఎరుపు, తెలుపు రంగుల్లో ఖరీదైనవే ఎక్కువ కనిపిస్తాయి, తేదీ చూసుకుని కాస్త ముందే తెచ్చిపెట్టుకోండి.