కంప పొగతో రెండేళ్లు: మా మిద్దె మీది డ్రమ్ము స్మోకర్, మెక్సికన్ మసాలా మీట్‌లోఫ్

రెండేళ్ల కింద ఈ డ్రమ్ము స్మోకర్, అంటే బొగ్గు వేడితో, కట్టె పొగతో మాంసాన్ని నిదానంగా ఉడికించే మూత డ్రమ్ము, కొన్నప్పుడు దాంతోపాటు ఒక చిన్న సంచి ఆపిల్ చెక్క ముక్కలు వచ్చాయి. నాలుగు ఆదివారాలకు అయిపోయాయి. మళ్లీ తెప్పిద్దామని ధర చూస్తే గుండె ఆగినంత పనయింది. అప్పుడు మా నాయన, "కట్టెలు కొనేదేంది రా, మన చేని గట్టు మీద కావాల్సినంత కంప పెట్టుకోని?" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఈ డ్రమ్ము నాకు వేరే వస్తువైపోయింది. ఇంత రాస్తున్నది కూడా అందుకే.

మా చేను కడప జిల్లా కమలాపురం దగ్గర. సర్కారు కంప పేరెత్తితే మా ఊళ్లో ఎవరికీ మంచి మాట రాదు. ఒక ఏడు దున్నకుండా వదిలితే చేనంతా అదే, ముల్లు దిగితే వారం కుంటాల్సిందే. అయితే మెక్సికోలో, టెక్సాస్‌లో మాంసం కాల్చడానికి ఏరికోరి వాడే మెస్కీట్ కట్టె ఈ కంపకు సొంత చుట్టం. రెండూ ప్రోసోపిస్ జాతివే. కంప పుట్టిల్లు కూడా మెక్సికో వైపే. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలతో మన కమలాపురంలోనే ప్లాంటేషన్ వేశారు, దేశంలో ఈ చెట్టుకు మొదటి తోటల్లో అదొకటి. మెక్సికన్ మసాలా వేసిన కైమాకు ఆ దేశపు కట్టె పొగ మా గట్టు మీదే దొరుకుతుందని తెలిసిన రోజు నేను పడిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

మీట్‌లోఫ్ అంటే మనం కైమా ఉండలకు కలిపే ముద్దే, ఉండలు చేయకుండా ఒకే ఇటుకలాగా పెట్టేది. నేను పొట్టేలు ముందరి జబ్బ కిలో తీసుకుని, పావు కిలోకు కాస్త తక్కువ కొవ్వు చేర్చి, అంగట్లోనే రెండుసార్లు కైమా కొట్టిస్తాను. కొవ్వు లేకపోతే కోసేటప్పుడు పొడిపొడిగా రాలిపోతుంది. మెక్సికో వైపువాళ్లు టోర్టియా చిప్స్, అంటే కరకరలాడే మొక్కజొన్న రొట్టె ముక్కలు, నలిపి వేస్తారు, నేను ఎండిన జొన్నరొట్టె నలిపి పాలలో నానబెట్టి వేస్తాను. టోర్టియాకు మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బుతారు. ఆ వాసన జొన్నరొట్టెకు రాదు, ఆ లోటు ఉంది. గుడ్డు, వేయించిన ఉల్లి, వెల్లుల్లి, దోరగా వేయించి దంచిన జీలకర్ర, ఒరెగానో, ఉప్పు. ఇక చిపోట్లే, అంటే పొగలో ఎండబెట్టిన మిరపకాయ. పండిన హాలపెన్యో మిరపకాయ కండ మందం, ఎండకు సరిగా ఎండదు, అందుకని పొగలో ఎండబెడతారు. ఆ పేరులోనే మెక్సికో పాత భాష నవాట్ల్‌లో మిరపా పొగా రెండూ ఉన్నాయి. డబ్బా చిపోట్లే ఖరీదని నేను ఎర్రగా పండిన బజ్జీ మిరపకాయలను ఇదే డ్రమ్ములో కంప పొగకు ఎండబెట్టి దంచుకుంటున్నాను. కారం తక్కువ, వాసన మాత్రం గదంతా నిండుతుంది.

ముద్దను గిన్నెలో పెట్టకూడదు. గిన్నెలో తన రసంలోనే ఉడుకుతుంది, పొగ పైభాగానికే పడుతుంది. చిల్లుల తట్ట మీద వట్టిగా పెడితే నాలుగు పక్కలా పడుతుంది. కోసినప్పుడు పైన ముదురు గోధుమ పెచ్చు, దాని కిందే వేలి గోరు మందాన గులాబి రంగు అంచు, లోపల తడితడిగా బూడిద రంగు. మా అమ్మ మొదటిసారి ఆ గులాబి చూసి పచ్చిగా ఉందని పక్కన పెట్టేసింది. పొగలోని వాయువులు మాంసానికి పట్టి వచ్చే రంగది, పచ్చితనం కాదు.

ఇంత మెచ్చుకున్నాక కనుమ రోజు సంగతి కూడా చెప్పాలి. పోయిన కనుమకు మా అక్కావాళ్లు ప్రొద్దుటూరు నుంచి వచ్చారు. రెండు కిలోల ముద్ద పెట్టాను. ముందురోజే కొట్టుకొచ్చిన కంప, బెరడు కూడా తీయలేదు. పొద్దున పదింటికి వేడి ఎక్కువైందని కింది గాలి కంతతో పాటు పై కంత కూడా దాదాపు మూసేశాను. ఈ డ్రమ్ము మూత బిగువుగా కూర్చుంటుందని నేను చాలామందికి గొప్పగా చెప్పినవాణ్ణి. ఆ బిగువే ఆ రోజు కొంప ముంచింది. లోపల నిప్పుకు గాలి ఆడలేదు. పై కంత లోంచి పాల నురుగులా తెల్లటి పొగ, మందంగా, సుళ్లు తిరుగుతూ వచ్చింది. పొగ బాగా పడుతోందని నేను సంబరపడ్డాను. మధ్యాహ్నం మూత తీస్తే లోపలి వైపంతా నల్లటి జిగట, బొట్లు బొట్లుగా వేలాడుతోంది. కొన్ని ముద్ద మీద కూడా పడ్డాయి. అక్క ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఏమీ అనలేదు, నీళ్లు తాగింది. అమ్మ అంది, "వేపాకు నమిలినట్టుండాది కదరా నాయనా." నాలుక చివర మొద్దుబారినట్టయింది. రెండు కిలోల మాంసం, ఎవరూ తినలేకపోయారు. పండగ పూట అక్కకు గుడ్డు పులుసుతో అన్నం పెట్టి పంపిన బాధ నాకింకా ఉంది.

తప్పు డ్రమ్ముది కాదు, కంపది కూడా కాదు. కంపలో ఘాటు ఎక్కువ, పచ్చిగా ఉండి గాలి ఆడకపోతే ఆ ఘాటే చేదవుతుంది. అప్పటి నుంచి కట్టెను బెరడు తీసి, రెండు వేళ్ల మందాన చీల్చి, ఒక ఎండాకాలమంతా మిద్దె మీద పడేస్తాను. కడప ఎండ కదా, ఏప్రిల్, మే చాలు. నిప్పుకు బొగ్గు, పొగకు మూడే మూడు కంప ముక్కలు, అవి కూడా మొదటి గంటలోనే. పై కంత ఎప్పుడూ మూయను, వేడి తగ్గించాలన్నా పెంచాలన్నా కింది కంతతోనే. పొగ పలచగా, నీలంగా, ఉందా లేదా అన్నట్టు ఉండాలి.

మూత మీది మీటరు గురించి కొన్న కొత్తలో నేను అందరికీ మంచిగా చెప్పాను. ఆ మాటను ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. అది చూపేది మూత దగ్గరి వేడి. మాంసం ఉన్న తట్ట దగ్గర వేరే ఉంటుంది, నా డ్రమ్ములో ఇరవై డిగ్రీల దాకా తేడా చూశాను. సూది థర్మామీటర్ ఒకటి విడిగా కొనుక్కోండి. తట్ట దగ్గర 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ ఉంచితే కిలో ముద్దకు రెండున్నర గంటల పైనే పడుతుంది. ముద్ద నడిమధ్యన 71 డిగ్రీలు వచ్చేదాకా తీయొద్దు, కైమా విషయంలో రంగు చూసి నమ్మకూడదు. వానాకాలం తర్వాత అడుగున కాస్త తుప్పు పట్టింది, రంగు లేచింది. వాడకానికి అడ్డం రాలేదు.

కొనమని చెప్పాలా అంటే, నాకు సొంత మిద్దె ఉంది, చేనుంది, కంప కొట్టి తెచ్చే నాయనున్నాడు. పక్కింటివాళ్లు ఆదివారం పొగకు ఏమీ అనరు, ఒక ముక్క వాళ్లకూ పోతుంది. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లకు, కట్టె కొనుక్కోవాల్సినవాళ్లకు ఇది ఇంత సంతోషం ఇస్తుందని చెప్పలేను. నాకైతే ఇచ్చింది.

ఈసారి అక్క ఉగాదికి వస్తానంది. పోయినేడు చీల్చిన కంప రెండు మోపులు మెట్ల కింద పెట్టాను, గోరుతో గీకితే గలగలమంటున్నాయి.