లండన్–న్యూయార్క్ విమాన ప్రయాణం: దూరం లెక్క సరే, సమయం లెక్కే తప్పు

రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే వాటి మధ్య దూరాన్నీ, ప్రయాణానికి పట్టే సమయాన్నీ చూపే ఒక ఆన్‌లైన్ సేవను, మార్చి మూడో వారంలో లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయానికి వెళ్లి వచ్చినప్పుడు వాడి చూశాను.

దూరం విషయంలో దీన్ని నిస్సందేహంగా నమ్మవచ్చు. సుమారు 5,550 కిలోమీటర్లని చూపింది, అది సరైనదే. పటం మీద స్కేలు పెట్టి గీసిన గీతను కాకుండా, ఐర్లండ్ మీదుగా సముద్రం దాటి కెనడాలోని న్యూఫౌండ్లండ్ దీవి వైపునుంచి కిందికి దిగే వంపు దారిని చూపడం నాకు బాగా నచ్చింది. మా అబ్బాయి గ్లోబు మీద ఆ రెండు నగరాల మధ్య దారం బిగించి పట్టుకుంటే, అదీ అలాగే ఉత్తరానికి ఒరిగింది; గుండ్రటి భూమి మీద దగ్గరి దారి అదే మరి.

సమయం దగ్గరే చిక్కంతా. పోవడానికీ రావడానికీ ఒకే అంకె, 7 గంటల 26 నిమిషాలు, ఇచ్చింది. దూరాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించి, పైన అరగంట కలిపితే సరిగ్గా అంతే వస్తుంది. అంటే ఈ లెక్కలో గాలికి చోటే లేదు. అట్లాంటిక్ మీద పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి చలికాలంలో మరీ బలంగా ఉంటుంది; 2020 ఫిబ్రవరిలో సియారా తుపాను వేళ ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 5 గంటలలోపే చేరింది. ఆ గాలిని బట్టే ఐరోపా వైపు షాన్విక్, కెనడా వైపు గాండర్ విమాన నియంత్రణ కేంద్రాలు సముద్రం మీది దారులను ఏ రోజుకారోజు నిర్ణయిస్తాయి.

నేను వెళ్లేటప్పుడు సీటు ముందరి తెర మీద ఎదురుగాలి గంటకు 120 కిలోమీటర్లనీ, నేల మీద మా వేగం 780 అనీ కనబడింది. గేటు నుంచి గేటుకు 8 గంటల 10 నిమిషాలు పట్టింది. రాత్రి విమానంలో తిరిగి వచ్చేటప్పుడు 6 గంటల 20 నిమిషాలే.

ఇంకొక లోపం ఇంతకంటే పెద్దది. రెండు నగరాల మధ్య ఎప్పుడూ 5 గంటల తేడా ఉన్నట్టే ఇది లెక్కగడుతుంది. అమెరికాలో వేసవి కోసం మార్చి నెల రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు జరుపుతారు, బ్రిటన్‌లో ఆ నెల చివరి ఆదివారం దాకా జరపరు. ఆ మధ్య రోజుల్లో తేడా 4 గంటలే. ఉదయం 10:30కి బయలుదేరితే అక్కడి సమయం 12:56కు చేరతానని ఇందులో చూసి, టికెట్టుతో సరిపోల్చుకోకుండానే బావగారికి చెప్పాను. విమానం గేటుకు చేరింది 2:40కి. ఆ పెద్దాయన మోకాళ్ల నొప్పులతో అంతసేపూ నిలబడే ఉన్నారని తెలిసి చాలా బాధపడ్డాను.

దూరం తెలుసుకోవడానికి మళ్లీ ఇదే వాడతాను. వెళ్లే దిశకూ వచ్చే దిశకూ వేర్వేరు సమయాలు చూపి, ప్రయాణ తేదీని అడిగి తీసుకునేదాకా, చేరే వేళ కోసం మాత్రం దీన్ని ఎవరికీ సిఫారసు చేయను.