డబ్లిన్ డే సర్వీస్‌లో ఏడేళ్లు: మావాడు, వాడి ఐదుగురు కీ వర్కర్లు

మావాడికి డౌన్ సిండ్రోమ్. మాటలు తక్కువ, సైగలు ఎక్కువ. పద్దెనిమిది నిండాక 2018 సెప్టెంబర్‌లో ఇక్కడ డబ్లిన్‌లో ఒక డే సర్వీస్‌లో (వైకల్యమున్న పెద్దవాళ్లు పగలు వెళ్లి పనులు నేర్చుకునే చోటు) చేర్చాం. నడిపేది స్వచ్ఛంద సంస్థ, డబ్బిచ్చేది ప్రభుత్వ ఆరోగ్య విభాగం హెచ్ఎస్ఈ. వంట, ఈత, ఒంటరిగా బస్సెక్కడం, అన్నీ ఓపిగ్గా నేర్పారు. మనుషులు బంగారం. కాకపోతే ఆ బంగారం నిలవదు. ఏడేళ్లలో ఐదుగురు కీ వర్కర్లు, అంటే వాణ్ణి ప్రత్యేకంగా చూసుకునే ఉద్యోగులు, మారారు.

మొదటావిడ మూడేళ్లుంది. ఇక్కడ లావ్ అనే సైగల పద్ధతి ఉంది (ఐరిష్‌లో లావ్ అంటే చెయ్యి, మనం నవ్వుకోనక్కర్లేదు). అందులో లేని సైగలు కూడా మావాడికి సొంతంగా బోలెడున్నాయి. ఎడమ అరచేతిలో కుడిచేతి వేళ్లు తిప్పితే పెరుగన్నం. ఆవిడకి అవన్నీ కంఠతా. ఆవిడ వెళ్లాక వచ్చిన కుర్రాడు మంచివాడే, కానీ వీడు అరచెయ్యి చూపించినప్పుడల్లా చేతులు కడుక్కుంటానంటున్నాడనుకుని సింకు దగ్గరికి తీసుకెళ్లేవాడట. నాలుగు రోజులు డబ్బా మూత కూడా తియ్యకుండా ఇంటికొచ్చింది. ఐదో రోజు నేనే వెళ్లి కూర్చుని నోట్‌బుక్‌లో సైగలన్నీ బొమ్మలేసి ఇచ్చాను.

ఆవిడ వెళ్లింది ఎక్కడికో కాదు, హెచ్ఎస్ఈ నేరుగా నడిపే చోటికే. అదే పని, అదే అర్హత. జీతం ఎక్కువ, పెన్షన్ మెరుగు. చెప్పేటప్పుడు ఏడ్చింది పాపం, అద్దె కట్టాలి కదా అంది.

ఈ తిరకాసంతా 2004 హెల్త్ యాక్ట్‌లో ఉంది. సెక్షన్ 38 కింద ఉన్న సంస్థల ఉద్యోగులు ప్రభుత్వోద్యోగుల లెక్క. సెక్షన్ 39 సంస్థలకి గ్రాంటు మాత్రమే, వాళ్ల ఉద్యోగులు ఆ లెక్కలో లేరు. మాది 39. 2008 తర్వాత దేశం అప్పుల్లో పడినప్పుడు గ్రాంట్లు కోస్తే వీళ్ల జీతాలూ తెగాయి. తర్వాత తిరిగి పెంచేటప్పుడు మాత్రం ‘మీరు ప్రభుత్వోద్యోగులు కారు కదా’ అన్నారు. గుంటూరులో కాంట్రాక్ట్ లెక్చరర్‌గా చేసే మా తమ్ముడికి ఫోన్లో ఇది చెప్తుంటే సగంలోనే ఆపేశాడు: ‘‘ఇంక చెప్పకక్కా, రోజూ అనుభవిస్తున్నదే.’’

2023 అక్టోబర్ 17 నుంచి నిరవధిక సమ్మె అని ఉత్తరం వచ్చింది. ‘‘మనవాడి సంగతేంటి?’’ అన్నారు మావారు. ఆయనకి నైట్ డ్యూటీలు, నాకు సెలవుల్లేవు. కోపం రావాల్సింది, రాలేదు. మూడో కీ వర్కర్ కూడా అప్పటికే నోటీసిచ్చేసింది. మొదలవడానికి కొన్ని గంటల ముందు వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌లో (ఉద్యోగ వివాదాలు తీర్చే ప్రభుత్వ సంస్థ) రాజీ కుదిరింది, మూడు విడతల్లో 8 శాతం జీతం పెంపు. మళ్లీ 2025 మార్చిలో ఇంకో సమ్మె నోటీసు, ఇంకో రాజీ: 2026 అక్టోబర్ లోపు దశలవారీగా 9.25 శాతం, ఆ తర్వాత ప్రభుత్వ జీతాలతో ముడి. ఆ ముడే అసలు సంగతి. అది లేకపోతే రెండేళ్లకోసారి ఇదే నాటకం.

ఇప్పుడున్న ఐదో కీ వర్కర్ కేరళ అమ్మాయి. పెరుగన్నం సైగ మొదటి రోజే పట్టేసింది, బొమ్మ చూడకుండానే. ఉంటుందా అంటే, అడగడానికి నాకు భయం.

ఐదుకి మూడున్నర ఇస్తాను. కోసిన ఒకటిన్నర సెంటర్‌ది కాదు, ఆ సెక్షన్‌ది. మనవాళ్లెవరైనా పిల్లల కోసం ఇక్కడ డే సర్వీస్ చూడ్డానికెళ్తే, మీది 38లోదా 39లోదా అనీ, మీ స్టాఫ్ సగటున ఎన్నేళ్లుంటారు అనీ ముందే అడగండి. నేనేమో మొదటి రోజు బస్సు ఎన్నింటికి, అన్నం వేడి చేసిపెడతారా అని మాత్రం అడిగి వచ్చేశాను.