పాత రాలే సైకిల్ కొనొచ్చా? రోజూ తొక్కే మనిషి మాట

ముందే చెప్పేస్తున్నా, కొనొచ్చు. కాకపోతే తొక్కడానికి కొనండి. హాల్లో గోడకి ఆనించి ఫొటోలు తీసుకోవడానికైతే వద్దు, ఎందుకంటే ఈ బండి గొప్పతనం రోడ్డు మీదే తెలుస్తుంది, కదలకుండా నిలబెడితే లోపల గ్రీజు గట్టిపడి, టైర్లు పగుళ్ళిచ్చి, తొక్కే బండికన్నా ముందే పాడవుతుంది.

నాది బెంగాల్లోని ఆసన్‌సోల్‌లో తయారైన సేన్ రాలే. 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, చైనుని పూర్తిగా కప్పేసే కవరు, వెనక క్యారేజి, కింద పెద్ద స్టాండు. రాలే అసలు ఇంగ్లండు కంపెనీ, నాటింగ్‌హామ్‌లో రాలే స్ట్రీట్ అనే వీధి పేరే దానికి పెట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950ల్లో సేన్ అనే బెంగాలీ వ్యాపారులతో కలిసి అక్కడ ఆసన్‌సోల్‌లో ఫ్యాక్టరీ పెట్టి ఇక్కడే చేయడం మొదలుపెట్టారు. తర్వాత అది ప్రభుత్వం చేతికి వెళ్ళి సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అయింది, ఆ తర్వాత మూతపడింది. అందుకని ఎవరి తాతగారి బండో బయటికొస్తేనో, పాత సామాన్ల కొట్లో కనబడితేనో తప్ప దొరకదు. నా బండి ముందు ఫోర్కుకి పాత మున్సిపాలిటీ లైసెన్సు బిళ్ళ ఇంకా ఉంది. సైకిలుకి కూడా డబ్బు కట్టి బిళ్ళ బిగించుకున్న రోజులవి. దాన్ని మాత్రం తీయను.

తొక్కితే ఎలా ఉంటుంది? మాది గోదావరి డెల్టా, ఎటు చూసినా సమతలం, ఇలాంటి చోటు కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ, ముందు ఫోర్కు బాగా వాలుగా ఉంటుంది, దానివల్ల కాలువ గట్టు మీద గుంటలు వచ్చినా చేతులకి దెబ్బ తగలదు, బండి తనంతట తానే తిన్నగా పోతుంది. వెన్ను నిటారుగా ఉంటుంది, మెడ వంచక్కర్లేదు, అటు చేలూ ఇటు నీళ్ళూ చూసుకుంటూ వెళ్ళొచ్చు. పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రానికి 48 పళ్ళు, వెనక చక్రానికుండే ఫ్రీవీలుకి 18, అంటే పెడలు ఒక్క చుట్టు తిప్పితే దాదాపు ఆరు మీటర్లు. మొదట కదిలించడానికి కాస్త బలం పెట్టాలి, కదిలాక ఆ బరువే మనల్ని లాక్కెళ్తుంది. పంచె కట్టుకున్నా, చీర కట్టుకున్నా చైనులో పడదు, ఆ నిండు కవరు అందుకే. పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకి కూడా సైకిల్ మీదే వెళ్ళేవారని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి మనుషులకి ఇది వాహనం, అలంకారం కాదు.

బ్రేకుల దగ్గర మాత్రం జాగ్రత్త. కేబుళ్ళుండవు, హ్యాండిలు దగ్గర నొక్కితే ఇనప రాడ్లు పైకి లాగి రబ్బరు కట్టల్ని రిమ్ము లోపలి వైపుకి అదుముతాయి. దీనిలో ఒక సుఖం ఉంది, రిమ్ముకి కాస్త బెండు వచ్చినా బ్రేకుకి రాసుకోదు, ఆ రోజుకి ఇంటికి చేరిపోవచ్చు. కానీ ఇనప రిమ్ము వానలో తడిస్తే పట్టు బాగా తగ్గిపోతుంది, ఇది ఏ కంపెనీ రాడ్ బ్రేకు బండికైనా తప్పదు. వర్షంలో ముందు నుంచే మెల్లగా నొక్కుతూ రావాలి, లారీ వెనక దగ్గరగా అసలు పోకూడదు. ఈ ఒక్క విషయం పిల్లలకి ఇచ్చేటప్పుడు తప్పక చెప్పండి.

ఇక నాకు ఈ బండి మీద ఇంత ప్రేమ ఎందుకంటే, దీనిలో విప్పలేనిదంటూ ఏదీ లేదు. మా ఊరి సైకిల్ షాపు మేస్త్రీ ఒక చెట్టు కింద, నాలుగు స్పానర్లు, ఒక సుత్తి, ఒక నీళ్ళ తొట్టి పెట్టుకుని మొత్తం బండిని విడదీసి మళ్ళీ బిగిస్తారు. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక దానికి 40, ఒకటి విరిగితే ఒకటే మార్చి, చక్రాన్ని తిప్పుతూ చెవితో వింటూ బెండు తీస్తారు. చక్రం మధ్యలోని హబ్బులో బాల్సు అరిగితే విప్పి, కిరోసిన్‌తో కడిగి, కొత్తవి వేసి గ్రీజు పెడితే సరి. 28 అంగుళాల టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు ఇప్పటికీ మామూలు సైకిల్ కొట్లో దొరుకుతాయి, ఎందుకంటే మన దగ్గర పాల వాళ్ళు, కూరగాయల వాళ్ళు తొక్కే నల్ల సైకిళ్ళకి ఇంకా అదే కొలత. లోపల ఏముందో తెలియని వస్తువుల మధ్య బతుకుతున్నాం కదా, చెడిపోతే మార్చెయ్యమనే తప్ప బాగుచేస్తాననేవాడే లేడు. ఇక్కడ ప్రతి శబ్దానికీ ఒక కారణం ఉంటుంది, దాన్ని మనం చేత్తో వెతికి పట్టుకోవచ్చు. పెడలు కిందికొచ్చినప్పుడల్లా టక్ మంటే అది చాలావరకు కాటర్ పిన్ను, అంటే పెడలుండే ఇనప చెయ్యిని (క్రాంకుని) ఇరుసుకి బిగించే పిన్ను. దాన్ని ఊడగొట్టేటప్పుడు క్రాంకు కింద ఇనప గొట్టం ముక్క ఆసరాగా పెట్టమని చెప్పండి, లేకపోతే సుత్తి దెబ్బలన్నీ లోపలి బాల్సు మీద పడతాయి.

తోలు సీటు ఉన్న బండి దొరికితే అదృష్టమే. కొన్నాళ్ళు గట్టిగా ఉండి, తర్వాత కూర్చునే మనిషి ఒంటికి తగ్గట్టు ఒదుగుతుంది. వానలో తడవనివ్వకండి, నూనె మరీ ఎక్కువగా పట్టించకండి, తోలు సాగిపోతుంది. ముందు భాగం కింద ఒక నట్టు ఉంటుంది, తోలు వదులైతే దాన్ని కొంచెమే తిప్పాలి.

కొనేటప్పుడు నేనైతే మొదట ఫ్రేము చూస్తాను. హ్యాండిలు కింద, గొట్టాలు కలిసేచోట అడుగు వైపు పెయింటు ముడతలు పడి ఉంటే ఆ బండి ఎప్పుడో దేన్నో గుద్దుకుందన్నమాట, వదిలేయండి. సీటు గొట్టం పైకీ కిందికీ కదులుతుందో లేదో చూడండి, తుప్పుతో పట్టేస్తే తీయడం నరకం. ముందు పళ్ళ చక్రంలో కొంగ తలలు కత్తిరించినట్టు ఉంటే అది రాలే చక్రం. నాటింగ్‌హామ్‌లో చేసిన బండైతే ఇంకో మాట, పెడళ్ళ మధ్య ఇరుసు పట్టే చోట మరచుట్లు అంగుళానికి 26 ఉంటాయి, మిగతా ఇంగ్లీషు సైకిళ్ళకి 24, కాబట్టి అక్కడ వేరే సైకిలు బేరింగు కప్పులు బలవంతంగా బిగించనివ్వకండి, ఫ్రేము పాడవుతుంది. ఇక రంగు విషయం. తుప్పు తినేస్తుంటే తప్ప కొత్త పెయింటు వేయించొద్దు. ఆ సన్నని బంగారు గీతలు, వెలిసిన స్టిక్కర్లు ఒకసారి పోతే మళ్ళీ రావు. శుభ్రంగా తుడిచి పైన కాస్త మైనం పూస్తే చాలు.

ఎవరికి పనికిరాదు? మూడో అంతస్తులో లిఫ్టు లేకుండా ఉండేవాళ్ళకి, ఎందుకంటే దాదాపు 20 కిలోల బరువు మోసుకెక్కాలి. హైదరాబాద్ ఎత్తుపల్లాల్లో, విశాఖ కొండ రోడ్ల మీద రోజూ ఆఫీసుకి వెళ్ళాలనుకునేవాళ్ళకి కూడా ఒకే గేరుతో కష్టం. అలాంటివాళ్ళు వెనక హబ్బులో స్టర్మీ ఆర్చర్ అనే ఇంగ్లీషు కంపెనీ మూడు గేర్లున్న బండి కోసం వెతకండి. మధ్య గేరు నేరుగా తిరుగుతుంది, కింది గేరు ఎక్కేటప్పుడు పావు వంతు తేలిక చేస్తుంది. అలాంటి బండి అరుదుగా దొరుకుతుంది, కానీ హబ్బు మీద తయారైన సంవత్సరం ముద్రించి ఉంటుంది కాబట్టి చక్రం వయసు అడగక్కర్లేకుండానే తెలిసిపోతుంది. గేరు కేబులు వదులైతే రెండు గేర్ల మధ్యలో పెడలు ఖాళీగా తిరుగుతుంది, నిలబడి తొక్కేటప్పుడు అలా జరిగితే పడిపోతారు, కొన్న రోజే సరిచేయించండి.

ధర గురించి ఒకటే సలహా. పురాతన వస్తువు అని కొంతమంది కొత్త గేర్ల సైకిలు కన్నా ఎక్కువ చెబుతున్నారు, అంత ఇవ్వకండి. టైర్లు, ట్యూబులు, బాల్సు, బ్రేకు రబ్బర్లు, ఓవరాయిలింగ్ కూలి కలిపి ఎంతవుతుందో ముందు మీ మేస్త్రీని అడగండి, అది తీసేసి బేరం మొదలుపెట్టండి. వీలైతే ఆయన్నే వెంట తీసుకెళ్ళండి.