టోర్నమెంట్ మొదటి గంటల్లో చిప్స్ పెంచుకోవాలంటే ఏది మేలు: ఓపికా, దూకుడా?

పోకర్ టోర్నమెంట్‌లో తొలి గంట ఎలా ఆడాలన్న విషయంలో ఆటగాళ్లు రెండు వర్గాలుగా ఉంటారు. "మంచి ముక్కలు పడేదాకా ఆగు, ముందు ఆటలో ఉండటం ముఖ్యం" అనేది ఒక వర్గం. "మొదట్లోనే స్టాక్ (దగ్గరున్న చిప్స్) రెట్టింపు చేసుకో, కాకపోతే బయటికి పో" అనేది ఇంకో వర్గం. నేను రెండు రకాలుగానూ చాలాకాలం ఆడాను. ఇప్పుడు ఈ రెండిటికీ మధ్యలో మూడో దారిలో ఆడుతున్నాను.

ముందు ఓపిక సంగతి. దాని వెనక గట్టి లెక్కే ఉంది. టోర్నమెంట్‌లో గెలిచే చిప్ కన్నా పోగొట్టుకునే చిప్ విలువ ఎక్కువ. పదిమంది ఆడే చిన్న టోర్నమెంట్ ఉందనుకోండి. మొదటి ముగ్గురికి 50, 30, 20 శాతం ప్రైజ్. మొదట్లో అందరి చిప్స్ సమానం కాబట్టి ఒక్కొక్కరి వాటా 10 శాతం. మొదటి హ్యాండ్‌లోనే (ఒకసారి ముక్కలు పంచి ఆడే ఆట) మీరు ఒకరిని ఓడించి స్టాక్ రెట్టింపు చేసుకుంటే వాటా 20 శాతం అవుతుందనిపిస్తుంది. చిప్స్‌ను ప్రైజ్ డబ్బులో వాటాగా మార్చి చూసే ఐసీఎమ్ లెక్క వేస్తే వచ్చేది 18.4 శాతమే. అంటే ఆ ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పందెం వేయడం) వల్ల నష్టం రాకుండా ఉండాలంటేనే కనీసం 54 శాతం సార్లు గెలవాలి. రాణుల జతతో ఆసు, రాజు పట్టుకున్నవాడిని ఎదుర్కొన్నా గెలుపు అవకాశం 54 నుంచి 57 శాతం మధ్యలోనే ఉంటుంది. మీ చేతిలో ఉన్నది ఆసు, రాజు అయితే అది తెలిసి తెలిసి నష్టానికి ఆడటమే.

అయితే ఈ లెక్కను చాలామంది వాడకూడని చోట వాడుతున్నారు. వందల మంది ఆడే టోర్నమెంట్‌లో మొదటి గంటలో ప్రైజులు ఎంతో దూరంలో ఉంటాయి. అక్కడ ఈ తేడా దాదాపు కనిపించదు. "ఐసీఎమ్ ఒప్పుకోదు" అంటూ మొదటి గంటంతా ముడుచుకుని కూర్చోవడానికి అది కారణం కాదు.

పైగా ముక్కలు మనం అనుకున్నప్పుడు రావు. ఆసుల జత సగటున 221 హ్యాండ్‌లకు ఒక్కసారి వస్తుంది. ఆసుల జత, రాజుల జత, రాణుల జత, ఆసు-రాజు, ఈ నాలుగిట్లో ఏదో ఒకటి చాలనుకున్నా 39 హ్యాండ్‌లకు ఒకసారి. ఎదురెదురుగా కూర్చుని ఆడే టేబుల్ మీద గంటకు పాతిక, ముప్పై హ్యాండ్‌ల కన్నా ఎక్కువ నడవవు. ఒక్కటీ రాకుండానే గంట గడిచిపోవచ్చు. వచ్చినా, అంతసేపు మౌనంగా ఉన్నవాడు ఒక్కసారిగా రైజ్ చేస్తే (పందెం పెంచితే) ఎదుటివాళ్లకు అర్థం కాకుండా పోదు.

ఇక దూకుడు. దూకుడు అనగానే చాలామంది బ్లైండ్స్ దొంగిలించడంతో మొదలుపెడతారు. అంటే ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలను, రైజ్ చేసి అందరినీ తప్పించి తీసేసుకోవడం. మొదటి గంటలో దాని వల్ల వచ్చేది ఎంతో చూడండి. యాంటీ (బ్లైండ్స్ కాక వేసే ఇంకో తప్పనిసరి పందెం) లేనప్పుడు ఒకసారి దొంగిలిస్తే దక్కేది ఒకటిన్నర బిగ్ బ్లైండ్లు, అంటే పెద్ద బ్లైండ్ ఒకటి, అందులో సగమైన చిన్నది ఒకటి. మీ దగ్గర 200 బిగ్ బ్లైండ్లు ఉంటే స్టాక్ ఒక శాతం కూడా పెరగదు. అదే పని తర్వాత, 20 బిగ్ బ్లైండ్లతో ఉన్నప్పుడు, బిగ్ బ్లైండ్ యాంటీ కూడా కలిసి రెండున్నర దక్కితే స్టాక్ 12.5 శాతం పెరుగుతుంది. గోరంత లాభానికి కొండంత చిక్కులో పడటం మొదట్లో దేనికి?

పెద్ద బ్లఫ్‌లది (చేతిలో ఏమీ లేకుండా పందెం వేసి భయపెట్టడం) ఇంకో సమస్య. ఆట చూడాలని, ఆడాలని ఉత్సాహంగా వచ్చినవాళ్లు మొదటి గంటలోనే ఎక్కువగా ఉంటారు. చేతిలో ఒక జత ఉంటే వదిలిపెట్టరు. ఒకసారి నేను ఫ్లాప్ (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలు), టర్న్ (నాలుగోది), రివర్ (ఐదోది) మూడు చోట్లా బ్లఫ్ వేసి, టేబుల్ మీది రెండో పెద్ద ముక్కతో కలిసిన జతతో చివరిదాకా కాల్ చేసినవాడికి (నా పందానికి సరిపడా వేసినవాడికి) సగం స్టాక్ ఇచ్చుకున్నాను. అతను తప్పు ఆడలేదు. ఫోల్డ్ చేయనివాడి (ముక్కలు వదిలేయనివాడి) మీద బ్లఫ్ వేయడం నా తప్పు.

ఫోల్డ్ చేయడు అన్న ఆ గుణమే మూడో దారికి ఆధారం. మొదట్లో స్టాక్ పెరిగేది మన బ్లఫ్‌ల వల్ల కాదు. మన చేతిలో నిజంగా పెద్ద హ్యాండ్ ఉన్నప్పుడు అవతలివాడు ఒక జతను వదలలేకపోవడం వల్ల. కాబట్టి బటన్ మీదో (ఫ్లాప్ తర్వాత అందరికన్నా చివర ఆడే చోటు), దానికి ముందు సీట్లోనో ఉన్నప్పుడు చిన్న జతలతో, ఒకే రంగు వరస ముక్కలతో తక్కువ ఖర్చుకు ఫ్లాప్ చూడాలి.

ఒక హ్యాండ్ చెప్తాను. అందరికీ 20,000 చిప్స్, బ్లైండ్స్ 50/100. ఒకాయన 300కి రైజ్ చేశాడు, ఇంకొకరు కాల్ చేశారు. బటన్ మీద నా దగ్గర ఐదుల జత. నేనూ కాల్ చేశాను, బ్లైండ్స్ ఇద్దరూ వదిలేశారు. పాట్ (మధ్యలో పోగైన పందెం) 1,050. ఫ్లాప్‌లో ఇస్పేటు రాజు, కళావరు తొమ్మిది, డైమన్ ఐదు. రైజ్ చేసినాయన 700 వేశాడు, రెండో ఆటగాడు తప్పుకున్నాడు, నేను 2,100 చేశాను, ఆయన కాల్. టర్న్‌లో రెండు. ఆయన చెక్ చేశాడు (పందెం వేయకుండా ఊరుకున్నాడు), నేను 3,500 వేశాను, మళ్లీ కాల్. రివర్‌లో ఏడు, మళ్లీ చెక్. మిగిలిన 14,100 మొత్తం ముందుకు తోశాను. ఆయన చిప్స్ దొంతిని రెండుసార్లు ఎత్తి, దింపి, చివరికి కాల్ చేసి ఆసు, రాజు చూపించాడు. 300తో మొదలైన హ్యాండ్ 40,450 చిప్స్‌తో ముగిసింది.

ఇలా ప్రతిసారీ జరగదు. చేతిలో జత ఉన్నప్పుడు ఫ్లాప్‌లో సెట్ (పై హ్యాండ్‌లో మూడు ఐదుల్లాగా ఒకే రకం మూడు ముక్కలు) పడేది ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. పడినప్పుడు కూడా అవతలివాడి దగ్గర ఏమీ లేకపోవచ్చు. అందుకే కాల్ చేసేదానికి కనీసం పదిహేను రెట్లు చిప్స్ ఇద్దరి దగ్గరా ఉండాలని ఆటగాళ్లు ఒక కొలత పెట్టుకుంటారు. పై హ్యాండ్‌లో అరవై రెట్లకు పైనే ఉన్నాయి. అదే 30 బిగ్ బ్లైండ్ల స్టాక్‌తో మూడు బిగ్ బ్లైండ్ల రైజ్‌కు కాల్ చేస్తే పది రెట్లే ఉంటాయి. అవే ఐదులు, అదే కాల్. మొదటి గంటలో సరైనది మూడో గంటలో తప్పవుతుంది. ఈ అవకాశం మొదట్లో మాత్రమే ఉంటుంది కాబట్టే ముడుచుకుని కూర్చోవడాన్ని నేను ఒప్పుకోను.

ఇదే కారణం మీద ఆలస్యంగా వచ్చి చేరడం కూడా నాకు నచ్చదు. బ్లైండ్స్ 400/800 అయ్యాక అదే 20,000 తీసుకుంటే ఉన్నవి 25 బిగ్ బ్లైండ్లే. సమయం కలిసొస్తుంది, అంతే.

మూడో దారికి స్ట్రక్చర్ (మొదట ఇచ్చే చిప్స్, బ్లైండ్స్ పెరిగే వేగం) కూడా సహకరించాలి. వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో 60,000 చిప్స్‌తో, 100/200 బ్లైండ్స్‌తో, రెండేసి గంటల లెవెల్స్‌తో ఆట మొదలవుతుంది. అంటే 300 బిగ్ బ్లైండ్లు. ఒక రౌండ్‌కు పోయేది ఒక శాతం కూడా ఉండదు. అక్కడ తొందర దేనికీ లేదు, ఫ్లాప్‌లు చూడటానికి కావలసినంత సమయం. ఐదు నిమిషాలకోసారి బ్లైండ్స్ పెరిగే టర్బోలో మాత్రం ఈ పద్ధతి నిలబడదు. అక్కడ కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నట్టు స్టాక్ కళ్లముందే తరిగిపోతుంది. టర్బో అయితే నా ఓటు దూకుడుకే.

స్ట్రక్చర్ నెమ్మదిగా ఉన్నా కూర్చోగానే ఒకటి చూసుకుంటాను. ప్రతిదానికీ కాల్ చేసేవాళ్లు నాకు కుడివైపు ఉంటే వాళ్ల తర్వాత ఆడే వీలు నాది, ఎక్కువ ఫ్లాప్‌లు చూస్తాను. మాటిమాటికీ మళ్లీ రైజ్ చేసేవాళ్లు ఇద్దరు ఎడమవైపు ఉంటే తక్కువ ఖర్చుకు ఫ్లాప్ చూడనివ్వరు. అలాంటి టేబుల్ మీద ఐదుల జత ఫోల్డ్ చేసేసి, మొదటి వర్గం చెప్పినట్టే ఆడతాను.